బస్టాండు పిన్ని, పంతొమ్మిదో ప్రశ్న

"ముక్కు ఊదుట" అన్న మాట రాసింది నేనే. ముందే ఒప్పుకుంటే తిట్లు కాస్త తగ్గుతాయని చెబుతున్నాను. నేను అనువాదకుణ్ణి. బట్టలుతికే యంత్రం వాడే పద్ధతి, దగ్గుమందు డబ్బాలో మడతలు పెట్టి ఉండే కాగితం, లిఫ్టులో ఇరుక్కుంటే ఏం చేయాలో చెప్పే బోర్డు, ఇలాంటివి తెలుగులో కనబడి, చదివాక ఏమీ అర్థం కాలేదంటే అవి చాలామటుకు నావే. ఎవరికీ ఒక్క పాఠం చెప్పిన పాపాన పోలేదు గానీ కళ్ళజోడు ఉందని అందరూ నన్ను మాస్టారూ అంటారు.

అయినా ఇది నా కథ కాదు. చెవి ముక్కు గొంతు ఆసుపత్రిలో, చీటీలు రాసిచ్చే కిటికీ వెనక కూర్చునే ఒకావిడ కథ. ఆవిడకు యాభై మూడేళ్ళు. గట్టి మనిషి, ముక్కుసూటి మనిషి, పైగా కోపం కూడా ఆ ముక్కు మీదే ఉంటుంది. ఆసుపత్రి మొత్తం ఆవిడని బస్టాండు పిన్ని అంటుంది.

ఆ పేరు ఊరికే రాలేదు. ఆసుపత్రికి రాకముందు పిన్ని పదిహేడేళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చుంది. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అని మొదలుపెట్టి ఏ బస్సు ఎన్నో నంబరు దగ్గర ఆగుతుందో ప్రతిదీ రెండేసి సార్లు చెప్పేది. ఒకరోజు అధికారులొచ్చి, గొంతు బాగుందమ్మా అని మెచ్చుకుని, అన్ని ఊళ్ళ పేర్లూ అన్ని అంకెలూ ఆవిడ చేత చదివించి యంత్రంలోకి ఎక్కించారు. ఎక్కడం పూర్తయ్యాక ఆవిడని దిగిపొమ్మన్నారు. ఇప్పటికీ ఆ బస్టాండులో వినబడేది పిన్ని గొంతే. ఎప్పుడో ఎత్తేసిన బస్సును కూడా అది రోజూ పిలుస్తూనే ఉంటుంది. "నా గొంతుకి ఉద్యోగం ఉంది మాస్టారూ, నాకే లేదు" అని నవ్వుతూ చెప్పింది నాతో ఒకసారి. నవ్వుతూ చెప్పినా నాకు నవ్వు రాలేదు.

సరే, అసలు సంగతికి వస్తాను. ముక్కు రోగులని అడగడానికి పరాయి భాషలో ఒక ప్రశ్నపత్రం ఉంది. ఇరవై ప్రశ్నలు. తుమ్ములు, దిబ్బడ, నిద్ర పట్టకపోవడం, చిరాకు, ఇలా ఒక్కో బాధకీ సున్నా నుంచి ఐదు దాకా మార్కులు. ఏ బాధా లేకపోతే సున్నా, భరించలేకపోతే ఐదు. ముక్కు వల్ల మనిషి బతుకు ఎంత పాడయిందో దీంతో కొలుస్తారు. ఇక్కడ మార్కులు ఎక్కువొచ్చిన వాళ్ళే ఏడవాలి. దాన్ని తెలుగు చేసి, ఆ తెలుగు నిజంగా బాధను కొలుస్తుందో లేదో తేల్చాలని పెద్ద డాక్టరుగారు పూనుకున్నారు.

నేను తెలుగు చేశాను. మూలం చూడని ఇంకొకాయన నా తెలుగుని తిరిగి ఆ భాషలోకి మార్చాడు. రెండూ పక్కపక్కన పెడితే అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. అందరూ ముక్కున వేలేసుకున్నారు. మాటకు మాట పెట్టుకుంటూ పోతే అది మాటకు మాటగానే వెనక్కి వెళుతుందని, మధ్యలో తెలుగువాడికి అర్థమైందో లేదో దానికి పట్టదని ఎవరికీ తట్టలేదు. అచ్చు వేసే ముందు పదిమంది రోగుల్ని కూర్చోబెట్టి, ఏ ప్రశ్న ఏమని అర్థమైందో అడగాలట. ఆ మాట సమావేశంలో వచ్చింది కూడా. "తెలుగేగా, అర్థం కాకపోవడమేమిటి?" అన్నాను నేను.

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు. లెక్కలు కట్టే ఆయనకు మాత్రం నూట ఇరవై మెతుకులు కావాలి, అవీ రెండేసి సార్లు. అంటే నూట ఇరవై మంది రోగుల్ని ఒకసారి అడిగి, రెండు వారాలు పోయాక మళ్ళీ అవే ప్రశ్నలు అడగాలి. అంతే అయితే బాగుండేది. పెద్ద డాక్టరుగారు అప్పుడే ఇంకో పద్ధతి కూడా పెట్టేశారు. మొత్తం నలభై దాటితే ఆపరేషన్ జాబితాలో పేరు ఎక్కుతుంది. దాటకపోతే మందులు వాడుతూ ఆరు నెలలాగి రావాలి. బిడ్డ పుట్టకముందే కుల్లా కుట్టించడమంటే ఇదే.

వచ్చేవాళ్ళలో సగం మంది చదువు రానివాళ్ళు, మిగతా సగం కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయినవాళ్ళు. అందుకని ప్రశ్నలు చదివి వినిపించే పని పిన్నికి అప్పగించారు. ఒకటే నియమం. ఉన్నది ఉన్నట్టు చదవాలి. అర్థం చెప్పకూడదు, వేరే మాట వాడకూడదు, ముఖం కూడా మార్చకూడదు. ఇందుకు ఆవిడ చేత సంతకం కూడా పెట్టించుకున్నారు.

నేను ఆ గదికి వెళ్ళింది ఆరోగ్యవంతుడిగా. రోగులతో పోల్చి చూడ్డానికి ముక్కు బాధ లేనివాళ్ళు కూడా ముప్పైమంది కావాలన్నారు. కిటికీ పక్కన చిన్న గది, ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడ మీద నిలువునా కోసిన ముక్కు బొమ్మ. నా ముందు ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. పిన్ని కాగితం ఎత్తిపట్టి గొంతు సవరించుకుంది.

"ప్రశ్న సంఖ్య... ఒకటి. ముక్కు ఊదుట. ప్రశ్న సంఖ్య... ఒకటి. ముక్కు ఊదుట."

"ఊదితే ఏమవుతుంది తల్లీ? మోగుతుందా?" అన్నాడు ముసలాయన.

"నేను చెప్పకూడదు తాతగారూ. సంతకం పెట్టాను. మళ్ళీ చదువుతాను, వినండి."

నా చెవులు వేడెక్కాయి. చీదడం అన్న మాట నాకు తెలియక కాదు. మా ఇంట్లో అందరికీ తెలిసిన మాటే. ఆసుపత్రి కాగితానికి మర్యాదగా ఉండదని నేనే పక్కన పెట్టాను. "ముక్కు వెనుక స్రావం" అంటే ఆయన చెయ్యి వెనక్కి పెట్టి మెడ తడుముకుని "ముక్కు వెనక తలకాయ ఉంది కదమ్మా" అన్నాడు. ఆయన తర్వాత వచ్చినావిడని "చెవి నిండుగా ఉండుట" అని అడిగితే "ఎందుకు లేదూ, మా అత్తగారు ఇరవై నాలుగ్గంటలూ నింపుతూనే ఉన్నారు, ఐదు వేసుకో" అంది. ముక్కు ఏదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టుంది నా తెలుగు. నా వంతు వచ్చేసరికి సిగ్గుకి, చిరాకుకి, నిద్ర పట్టకపోవడానికి కలిపి నాకు పద్నాలుగు మార్కులు వచ్చాయి. ఆరోగ్యవంతుల్లో అదే ఎక్కువ.

అప్పుడే ఒకటి గమనించాను. రోగి అన్న ప్రతి మాటనీ పిన్ని కాగితం వెనక వైపు పెన్సిలుతో రాసుకుంటోంది. "ఇదెందుకు?" అని అడిగాను.

"మాట్లాడకూడదన్నారు. రాయకూడదని ఎవరూ అనలేదుగా."

అప్పుడే వాళ్ళాయన వచ్చాడు. రెండు వీధుల అవతల ఇస్త్రీ కొట్టు ఆయనది. పిన్నికి మొగుడు కాబట్టి ఊరందరికీ ఇస్త్రీ బాబాయి. తన చొక్కాకి మాత్రం ఎప్పుడూ మడతలే. ముక్కులో కండ పెరిగి ఏడాదిగా బాధపడుతున్నాడు. సొంతవాళ్ళకి సొంతవాళ్ళు చదివి వినిపించకూడదని నియమం. "మీరే రాశారుగా, మీరే చదవండి" అని పిన్ని కాగితం నా చేతిలో పెట్టి కిటికీ దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

చదివాను. నా తెలుగు నా నోటితోనే చదువుతుంటే ఎవరో నా చేత గుంజీలు తీయించినట్టు అనిపించింది. బాబాయి మంచివాడు, అర్థం కాకపోయినా తల ఊపి ఏదో ఒక అంకె చెప్పాడు. పంతొమ్మిదో ప్రశ్న వచ్చింది.

"వాసన లేదా రుచి తగ్గుట."

"సున్నా అండీ" అన్నాడు, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

కిటికీ దగ్గర చీటీలు రాస్తున్న పెన్ను ఆగింది. పిన్ని వెనక్కి తిరిగి చూడలేదు. మొత్తం కూడితే ముప్పై ఆరు వచ్చింది. ఆరు నెలలాగి రమ్మని రాసి పంపించారు.

పిన్ని నోరు మూసుకుని కూర్చోవడం ఆ ఆసుపత్రిలో ఎవరూ చూడలేదు. నాకు మనసు కుదురుగా లేక సాయంత్రం రెండు చొక్కాలు పట్టుకుని ఇస్త్రీ కొట్టుకి వెళ్ళాను. చిన్న కొట్టు. బల్ల, దాని మీద దుప్పటి, నీళ్ళ గిన్నె, మూల ఒక స్టూలు. డ్యూటీ దిగిన పిన్ని అక్కడే బల్ల పక్కన నిలబడి ఉంది. బాబాయి ఇస్త్రీ పెట్టె తోస్తున్నాడు. ఆవిడ ముక్కు ఎగబీల్చింది.

"మాడుతోంది" అంది.

ఆయన గబుక్కున పెట్టె ఎత్తాడు. చొక్కా దక్కింది. రెండు నిమిషాలకు మళ్ళీ "మాడుతోంది". మళ్ళీ ఎత్తాడు. స్టూలు ఖాళీగా ఉన్నా ఆవిడ కూర్చోలేదు. కూర్చుంటే వాసన ఆలస్యంగా అందుతుందట. గోడ మేకుకి ఒక తెల్ల చొక్కా వేలాడుతోంది, వీపు మీద పెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చతో. ఒక బడి ప్రధానోపాధ్యాయుడిది.

"బట్ట మాడే ముందు ఒక వాసన వస్తుందండీ" అన్నాడు బాబాయి. "కంటికి కనబడేసరికి ఆలస్యమైపోతుంది. ముప్పై ఏళ్ళు ముక్కుతోనే పని చేశాను. ఎనిమిది నెలలైంది, నా ముక్కుకి ఏ వాసనా తెలియడం లేదు. ఈవిడ రాకముందు పగలంతా వేడి తగ్గించి తోస్తాను. మడతలు పోవు. జనం వేరే కొట్టుకి పోతున్నారు."

"మరి పొద్దున సున్నా అన్నారేం?"

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "మీరు అడిగింది వాసన తగ్గడం గురించి కదండీ. తగ్గిందిగా! అంతకుముందు నా ముక్కులోంచి కంపు. ఈవిడ పక్కన కూర్చోవాలన్నా నాకు మొహం చెల్లేది కాదు. మీ ఆసుపత్రి మందులు వాడాక ఆ వాసన తగ్గింది. తగ్గితే మంచిదే కదా, అది బాధెలా అవుతుంది? అందుకే సున్నా అన్నాను."

ఇరవై ఏళ్ళుగా అనువాదాలు చేస్తున్నాను. నేను రాసిన ఒక్క ముక్క ఒక మనిషిని ఇలా గుమ్మం బయట నిలబెడుతుందని ఎప్పుడూ అనుకోలేదు. సిగ్గుతో పాటు భయం కూడా వేసింది.

కొట్టు బయటికి వచ్చాక పిన్నితో మెల్లగా అన్నాను. "రెండు వారాలకి మళ్ళీ అడుగుతారు కదా. ఐదు అని చెప్పమని చెప్పండి, సరిపోతుంది."

ముక్కు మీద ఉన్న కోపం ఒక్కసారి కిందకి దూకింది. "ఇంట్లో పాఠం చెప్పి పంపమంటారా? మా ఆయనకి పెళ్ళాం ఆసుపత్రిలో ఉంది కాబట్టి చెప్తుంది. మరి మిగతా ఇరవై ముగ్గురికీ ఎవరు చెప్తారు?"

"ఏ ఇరవై ముగ్గురు?"

"కాగితాల వెనక రాశానుగా! తగ్గిందమ్మా సంతోషం అన్నవాళ్ళు, మీ చల్లని చెయ్యి అన్నవాళ్ళు, ఇరవై ముగ్గురు. నాకు మొదటి వారమే తెలుసు మాస్టారూ." ఆవిడ గొంతు మొదటిసారి తగ్గింది. "ముక్కూ మొహం తెలియని వాళ్ళు వెళ్ళిపోతుంటే, సంతకం పెట్టానని నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఇంటి మనిషి దగ్గరకొచ్చేసరికి నోరు తెరిస్తే, మొగుడి కోసం తెరిచినట్టే కదా? నాకే నా మీద అసహ్యం వేస్తోంది."

ఆ మరుసటి సోమవారం సమావేశం. నేను బల్ల చివర కూర్చున్నాను. లెక్కలాయన కాగితాలు తిరగేసి పంతొమ్మిదో ప్రశ్న పేచీ పెడుతోందని చెప్పాడు. ముక్కు ఎంత ఎక్కువ మూసుకుపోయిన వాళ్ళకి ఆ ప్రశ్నలో అంత తక్కువ మార్కులు వస్తున్నాయట. మిగతా ప్రశ్నలన్నీ ఒకవైపు నడుస్తుంటే ఇదొక్కటి ఎదురు నడుస్తోందట.

"తీసేద్దాం" అన్నారు పెద్ద డాక్టరుగారు. "మన దగ్గర జనానికి వాసన పెద్ద పట్టింపు కాదని వ్యాసంలో ఒక మాట రాస్తే సరిపోతుంది. కొత్త విషయం కూడా."

నోరు తెరవాల్సింది అప్పుడు, తెరవాల్సింది నేను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు కళ్ళజోడు తుడుచుకున్నాను. "అంటే ఇందులో అర్థ విస్తృతి పరంగా..." అని ఏదో మొదలుపెట్టాను. ఎటు తేలేదో నాకే తెలియదు. ఇంతలో తలుపు తోసుకుని పిన్ని కాగితాల కట్టతో లోపలికి వచ్చింది.

"అమ్మా, సమావేశం జరుగుతోంది" అన్నాడు లెక్కలాయన.

"ఆ పంతొమ్మిదో ప్రశ్న గురించే వచ్చాను బాబూ." కట్ట మీంచి ఒక కాగితం తీసి పక్కన బోర్లా పెట్టింది. "ఇది మా ఆయనది. దీన్ని తీసేయండి. ఇది లేకుండానే నా మాట వినండి." అని గొంతు సవరించుకుని బస్టాండు గొంతుతో మొదలుపెట్టింది. "రోగి సంఖ్య... నాలుగు. వాసన తగ్గిందమ్మా, ఇప్పుడు నా పక్కన మా మనవరాలు పడుకుంటోంది. సున్నా. రోగి సంఖ్య... తొమ్మిది. వాసన పోయింది, పీడా పోయింది. సున్నా. రోగి సంఖ్య... పదకొండు..."

"ఆగమ్మా, ఆగు." పెద్ద డాక్టరుగారు చెయ్యెత్తారు. "తిరుగు అనువాదం చూశాం. అక్షరం పొల్లు పోలేదు. ప్రశ్నలో తప్పుండే అవకాశం లేదు. ఎవరో నలుగురికి అర్థం కాకపోతే..."

పిన్ని కాగితాలు దించింది. "డాక్టరుగారూ, చిన్న మాట. ఈ గదిలో వాసన తగ్గిందాండీ?"

ఆయన రెండుసార్లు గట్టిగా గాలి పీల్చారు. "ఆ, తగ్గింది. పొద్దున ఫినాయిల్ కంపుకి అసలు కూర్చోలేకపోయాం."

"అయితే మీకు సున్నా వేసుకోనా?"

లెక్కలాయన ముందు నవ్వాడు, తర్వాత నవ్వు ఆపుకోలేక దగ్గాడు. పెద్ద డాక్టరుగారు పంతొమ్మిదో ప్రశ్నని మూడుసార్లు పైకి చదువుకున్నారు. చదివిన కొద్దీ మొహం ఎర్రబడింది.

"తప్పు నాదండీ" అన్నాను లేచి నిలబడి. ఎంత ఆలస్యంగా లేచినా లేచాను. "ముక్కుకు వాసన తెలియకపోవడం అని రాయాలి. మొదటిది ముక్కు చీదడం. రోగుల్ని ముందే అడగాల్సింది. వద్దన్నది కూడా నేనే."

పెద్ద డాక్టరుగారు నన్ను వదిలేసి పిన్ని మీద పడ్డారు. "మొదటి వారమే తెలిసినప్పుడు అప్పుడే చెప్పొద్దా?"

"ఉన్నది ఉన్నట్టు చదువు, నోరెత్తకు అన్నారు. అలా చదవడానికైతే బస్టాండులో నా గొంతు ఉంది, దాన్ని తెచ్చి పెట్టుకోండి. రేపు ప్రశ్న తప్పయినా అది చదువుతూనే ఉంటుంది." అంతటితో ఆగలేదు. ఆగితే పిన్ని ఎలా అవుతుంది? "నేనూ తప్పు చేశాను. సంతకానికి భయపడ్డాను. అందుకే మా ఆయన కాగితం తీసేయమంటున్నాను."

ఆయన బోర్లా ఉన్న కాగితాన్ని తిప్పి చూశారు. చాలాసేపు చూశారు. "ఇది తీసేస్తే అదీ పక్షపాతమే" అన్నారు చివరికి. "అందరినీ మళ్ళీ పిలవండి. ఇతన్నీ పిలవండి. జాబితా కూడా మళ్ళీ మొదటి నుంచి రాయండి."

పిన్ని ఒప్పుకుంది గానీ మొగుడి పేరు అందరికంటే చివర రాయించింది. ఈసారి అచ్చుకి ముందు పదిమంది రోగుల్ని కూర్చోబెట్టి ప్రతి మాటా అడిగాం. నా మర్యాద మాటల్లో ఎనిమిది పోయాయి. వాటి స్థానంలో రోగులు చెప్పిన మాటలు వచ్చాయి. ఆ ప్రశ్నపత్రంలో నాకు నచ్చే తెలుగు అదొక్కటే.

బాబాయికి మళ్ళీ నేనే చదివాను. "ముక్కుకు వాసన తెలియకపోవడం" అనగానే ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ ఎవరూ తనని ఈ ప్రశ్న అడగలేదన్నట్టు చూశాడు.

"ఐదండీ" అన్నాడు. "ఆరు ఉంటే ఆరు."

ముక్కు చీదడం దగ్గర ఇంకొకటి పెరిగింది. మొత్తం నలభై రెండు. కిటికీ దగ్గర పిన్ని తర్వాతి రోగిని పిలవబోయి, పిలిచిన నంబరునే నాలుగుసార్లు పిలిచింది.

చివర పేరు కాబట్టి నాలుగు నెలలు పట్టింది. ఆపరేషన్ అయింది. గాలి ఆడింది, నిద్ర పట్టింది. వాసన మాత్రం రాలేదు. వస్తుందో రాదో చెప్పలేమన్నారు పెద్ద డాక్టరుగారు. వారాలు గడిచాయి. పిన్ని ఎప్పటిలాగే డ్యూటీ దిగి వచ్చి బల్ల పక్కన నిలబడేది. నేను అవసరం లేకపోయినా చొక్కాలు తీసుకెళుతూ ఉండేవాణ్ణి. ఇంట్లో నా బట్టలు అంత శుభ్రంగా ఎప్పుడూ లేవు.

ఒక సాయంత్రం బాబాయి నా చొక్కా చేతులు తోస్తున్నాడు. పిన్ని ముక్కు ఎగబీల్చి "మా..." అనబోయింది. అనే లోపలే పెట్టె గాల్లో ఉంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. బాబాయి పెట్టెని నెమ్మదిగా నిలబెట్టాడు. చొక్కా దగ్గరికి వంగి ఒకసారి పీల్చాడు. తర్వాత పెళ్ళాం వైపు వంగి ఇంకోసారి పీల్చాడు.

"ఏమే, నీ దగ్గర ఫినాయిల్ వాసన వస్తోందే" అన్నాడు.

ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే ఆ కొట్టు లేచిపోయేది. పిన్ని కళ్ళు నిండిపోయాయి. కోపం తెచ్చుకోవడానికి గట్టిగానే ప్రయత్నించింది గానీ రాలేదు.

"ఏమన్నారూ? మళ్ళీ చెప్పండి" అంది.

ఆయన మళ్ళీ చెప్పాడు. పిన్ని మూలనున్న స్టూలు లాక్కుని కూర్చుంది.